చుక్కల లెక్కలు, ఎక్సెల్ షీట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో సెక్స్టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో సూర్యుడి ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో కనుక్కోవడం గురించి రాశాం కదా, దానికి ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా చాలా మంది రాశారు. ఎక్కువ మంది అడిగింది ఒకటే, నోరీస్ టేబుల్స్ (నావికుల లెక్కల పట్టికల పుస్తకం) తిరగేస్తూ ఈ లెక్కంతా చేతితో చెయ్యాలా, ఎక్సెల్‌లో పెట్టేసుకుంటే పోదా అని. పెట్టేసుకోవచ్చు, నిజానికి పెట్టుకోవాలి కూడా, కాకపోతే షీట్ మీరే కట్టుకోవాలి, ఒక్కో మెట్టు ఒక్కో సెల్‌లో కనిపించేలా కట్టుకోవాలి. ఎందుకో కింద ఉత్తరాలు చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: సార్, నేను డెక్ కేడెట్‌ని, సెలవు మీద ఇంటికొచ్చాను. షిప్‌లో సెకండ్ ఆఫీసర్ గారు రోజూ సైట్ (ఎత్తు కొలిచి పొజిషన్ లెక్కకట్టడం) తీయమంటారు. నెట్‌లో దొరికిన ఒక ఎక్సెల్ షీట్ వాడుతున్నాను. ఎత్తు బానే వస్తుంది గానీ పొద్దున్న తొమ్మిదింటికి సూర్యుడి అజిమత్ (ఉత్తరం నుంచి కొలిచే దిక్కు) 338 అని చూపిస్తుంది. ఇంకోసారి పొజిషన్ ఏకంగా వేల మైళ్ళ అవతల పడింది. షీట్ తప్పా, నా తప్పా?
(డెక్ కేడెట్, సోంపేట)

జవాబు: బాబూ, నువ్వు 338 అని రాయడం మంచిదయింది, ఆ ఒక్క అంకెతోనే జబ్బు ఎక్కడుందో దొరికిపోయింది. పొద్దున్న తొమ్మిదింటికి సూర్యుడు ఉత్తరం వైపు ఉండడు కదా. ఎక్సెల్‌లో ఏటాన్2 అనే ఫంక్షన్ ఉంది, అది ముందు ఎక్స్ అడుగుతుంది తర్వాత వై అడుగుతుంది, పైథాన్, సీ లాంటి వాటిల్లో మాత్రం ముందు వై ఇవ్వాలి, ఎవరో ప్రోగ్రామ్ నుంచి ఫార్ములా తెచ్చి ఎక్సెల్‌లో అలాగే దింపేసి ఉంటారు. గూగుల్ షీట్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో కూడా ఎక్స్ ముందే.

అంకెలతో చూద్దాం, పక్కన లాప్‌టాప్ పెట్టుకుని నువ్వు కూడా చెయ్యి. మనం కళింగపట్నం ముందు సముద్రంలో ఉన్నాం అనుకో, అక్షాంశం 18 డిగ్రీల 20 మినిట్లు (మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఉత్తరం, రేఖాంశం 84 డిగ్రీల 7 మినిట్లు తూర్పు. సూర్యుడి డెక్లినేషన్ (భూమధ్యరేఖకి ఎంత ఉత్తరాన, దక్షిణాన ఉన్నాడో ఆ కోణం) సరిగ్గా 4 డిగ్రీలు దక్షిణం, జీహెచ్‌ఏ (గ్రీనిచ్ నుంచి పడమరగా సూర్యుడి దాకా కొలిచే కోణం) 230 డిగ్రీల 53 మినిట్లు. మనది తూర్పు రేఖాంశం కాబట్టి జీహెచ్‌ఏకి కలపాలి, ఎల్‌హెచ్‌ఏ (అదే కోణం మన చోటు నుంచి) 315 వస్తుంది, అంటే సూర్యుడు మన నడినెత్తి గీతకి ఇంకా 45 డిగ్రీలు తూర్పున ఉన్నాడు, మధ్యాహ్నానికి మూడు గంటలుంది. ఇప్పుడు లెక్కకట్టిన ఎత్తుని హెచ్‌సీ అందాం, సైన్ హెచ్‌సీ = సైన్ అక్షాంశం × సైన్ డెక్లినేషన్ + కాస్ అక్షాంశం × కాస్ డెక్లినేషన్ × కాస్ ఎల్‌హెచ్‌ఏ. దక్షిణ డెక్లినేషన్‌కి మైనస్ పెట్టడం మర్చిపోకు. సైన్ విలువ 0.6476 వస్తుంది, హెచ్‌సీ 40 డిగ్రీల 21.8 మినిట్లు. అజిమత్‌కి వై అంటే మైనస్ సైన్ ఎల్‌హెచ్‌ఏ × కాస్ డెక్లినేషన్, ఇది 0.7054. ఎక్స్ అంటే సైన్ డెక్లినేషన్ × కాస్ అక్షాంశం, అందులోంచి కాస్ డెక్లినేషన్ × కాస్ ఎల్‌హెచ్‌ఏ × సైన్ అక్షాంశం తీసేస్తే వచ్చేది, ఇది మైనస్ 0.2881. ఏటాన్2లో ఎక్స్ ముందు పెడితే 112.2 డిగ్రీలు, అంటే తూర్పు దాటి కొంచెం దక్షిణానికి, పొద్దున్న తొమ్మిదింటికి ఉండాల్సిన చోటే. అవే రెండు అంకెలు తిరగేసి పెట్టు, 337.8 వస్తుంది, అదే నీకొచ్చిన 338. ఎత్తు లెక్కలో ఏటాన్2 లేదు కాబట్టి ఎత్తు మాత్రం బాగానే వచ్చింది.

పై అంకెలన్నీ నీ షీట్‌లో ఒక మూల శాశ్వతంగా ఉంచుకో. ఫార్ములా ముట్టుకున్న ప్రతిసారీ ఆ మూల చూడు, 40 డిగ్రీల 21.8, 112.2 రాకపోతే ఆ షీట్‌తో సైట్ లెక్కకట్టొద్దు.

వేల మైళ్ళ గొడవ బహుశా రేఖాంశం గుర్తు వల్ల వచ్చింది. పడమటి దేశాల వాళ్ళు కట్టిన షీట్లు చాలా వాటిల్లో పడమర ప్లస్, తూర్పు మైనస్. నువ్వు మామూలుగా 84 కొట్టావంటే అది నిన్ను మెక్సికోకి తూర్పున కరీబియన్ సముద్రంలో లెక్కపెట్టేస్తుంది. అందుకే సొంత షీట్‌లో గుర్తు చేత్తో కొట్టే పని పెట్టుకోవద్దు. డిగ్రీలకో సెల్, మినిట్లకో సెల్, ఉత్తరమా దక్షిణమా తూర్పా పడమరా అనేదానికి ఇంకో సెల్, ఆ అక్షరాన్ని బట్టి ఫార్ములానే ప్లస్సో మైనస్సో వేసుకోవాలి. దీనివల్ల ఇంకో ప్రమాదం కూడా తప్పుతుంది, చాలా మందికి ఇది తట్టదు. మార్చి 20, సెప్టెంబర్ 22 దగ్గర్లో సూర్యుడి డెక్లినేషన్ సున్నా డిగ్రీల 12 మినిట్లు దక్షిణం అలా ఉంటుంది, డిగ్రీల సెల్‌లో మైనస్ సున్నా కొడితే ఎక్సెల్ దాన్ని ఒట్టి సున్నా చేసేస్తుంది, దక్షిణం కాస్తా ఉత్తరం అయిపోతుంది, మధ్యాహ్నం సైట్ అయితే 24 మినిట్లు, అంటే 24 మైళ్ళు పోయినట్టే, స్క్రీన్ మీద ఎర్ర గుర్తు ఒక్కటి కూడా రాదు.

మినిట్ల సంగతి కూడా చెప్పేస్తాను. 18 డిగ్రీల 20.4 మినిట్లని 18.204 అని కొట్టేవాళ్ళని చూస్తుంటాం. 20.4ని 60తో భాగించి కలపాలి, 18.34 అవుతుంది. సైన్‌లోకి పంపే ముందు రేడియన్స్ ఫంక్షన్ పెట్టాలి, అది ఎలాగూ నీకు తెలిసే ఉంటుంది.

ఇక టైము. మన దేశం టైము గ్రీనిచ్ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. తేదీ ఒక సెల్‌లో, టైము ఒక సెల్‌లో పెట్టి టైములోంచి 5:30 తీసేస్తే తెల్లవారుజాము సైట్లకి ఎక్సెల్‌లో సెల్ నిండా హ్యాష్ గుర్తులు వస్తాయి, ఎందుకంటే మన దగ్గర ఐదింటికి చుక్కలు చూసేటప్పటికి గ్రీనిచ్‌లో ఇంకా నిన్నటి రాత్రే. అప్పుడు కొంతమంది హడావుడిగా 24 గంటలు కలిపేసి టైము సరిచేస్తారు గానీ తేదీ మార్చరు. చుక్కల జీహెచ్‌ఏ రోజుకి 59 మినిట్లు జరుగుతుంది, అంటే రేఖాంశంలో దాదాపు ఒక డిగ్రీ తప్పు. తేదీ, టైము కలిపి ఒకే అంకె చేసి దాంట్లోంచి 5:30 తియ్యి, తేదీ దానంతట అదే వెనక్కెళ్తుంది. ఓడలో అయితే షిప్ టైము రోజూ మారుతుంటుంది కాబట్టి నేరుగా యూటీసీ (గ్రీనిచ్ టైము)లోనే రాసుకోవడం ఇంకా మేలు. సెకన్లు కూడా వదలొద్దు, నాలుగు సెకన్ల తప్పు అంటే రేఖాంశంలో ఒక మినిట్ తప్పు.

సెక్స్టెంట్ నుంచి తీసిన ఎత్తుకి చేసే సవరణలు కూడా ఒక్కోటి ఒక్కో వరసలో పెట్టు. ఇండెక్స్ ఎర్రర్ (సెక్స్టెంట్ సున్నా దగ్గర చూపించే తప్పు) ఆన్ ద ఆర్క్, అంటే సున్నాకి పైన అయితే తీసెయ్, ఆఫ్ అయితే కలుపు. డిప్ (ఎత్తు మీద నుంచి చూస్తే సముద్రం అంచు, అదే హొరైజన్, కిందికి దిగినట్టు కనపడే కోణం, దీన్ని తీసెయ్యాలి) అంటే కంటి ఎత్తు మీటర్లలో వేసి వర్గమూలం తీసి 1.76తో గుణిస్తే మినిట్లలో వస్తుంది, 16 మీటర్లకి 7.0, 25 మీటర్లకి 8.8. లోడ్‌లో వెళ్ళేటప్పుడు, ఖాళీగా బ్యాలస్ట్‌లో వెళ్ళేటప్పుడు బ్రిడ్జ్ ఎత్తు మారుతుంది గనక ఆ సెల్ ప్రతి వాయేజ్‌కీ మార్చాలి, ఎవరో ఎప్పుడో కొట్టిన 16 అలాగే ఉండిపోతే ప్రతి సైట్‌లోనూ మైలో రెండు మైళ్ళో తేడా పడుతూనే ఉంటుంది. రిఫ్రాక్షన్‌కి (గాలిలో వెలుగు వంగి ఎత్తు ఎక్కువ కనపడటం, ఇదీ తీసెయ్యాలి) బెన్నెట్ ఫార్ములా చాలు, ఎత్తు డిగ్రీల్ని 4.4కి కలిపి దాంతో 7.31ని భాగించు, వచ్చింది ఎత్తుకే కలుపు, ఆ కోణం టాన్‌తో 1ని భాగిస్తే రిఫ్రాక్షన్ మినిట్లలో వస్తుంది, 40 డిగ్రీల దగ్గర 1.2. తర్వాత సూర్యుడి సెమీ డయామీటర్ (బింబం వెడల్పులో సగం), సుమారు 16 మినిట్లు, కింది అంచు పట్టావు కాబట్టి కలపాలి.

ఇదంతా ఒకే సెల్‌లో రెండు లైన్ల పొడుగు ఫార్ములాగా రాసేవాళ్ళు ఉన్నారు, చూడ్డానికి గొప్పగా ఉంటుంది, తప్పొస్తే మాత్రం ఎక్కడ వెతకాలో తెలీదు. నువ్వు కొట్టాల్సిన సెల్స్‌కి పసుపు రంగు వేసి మిగతావి లాక్ చెయ్యి. ఇంకో మాట, 2010 మనీలా సవరణల తర్వాత నావికుల శిక్షణకి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూలోనే ఎలక్ట్రానిక్ ఆల్మనాక్ (సూర్యచంద్రులు, చుక్కల స్థానాల పట్టిక), లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చని ఉంది, కాబట్టి ఇదేదో దొంగచాటు పని అనుకోవద్దు. అయినా కేడెట్‌గా ఉన్నన్నాళ్ళూ సైట్ బుక్‌లో ముందు చేత్తో చేసి తర్వాత షీట్‌తో సరిచూసుకో.

ప్రశ్న: ఇంటర్ పిల్లలకి త్రికోణమితి చెప్తాను. అది నిజంగా దేనికి పనికొస్తుందో చూపించాలని ఉంది. నాటికల్ ఆల్మనాక్ మా దగ్గర లేదు, కొనలేం. సూర్యుడి డెక్లినేషన్ షీట్‌లోనే లెక్కకట్టే దారి ఉందా?
(లెక్కల లెక్చరర్, బొబ్బిలి)

జవాబు: ఉంది లెక్చరర్ గారూ, మీ పిల్లలకి ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు. ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది, 2000 జనవరి 1 మధ్యాహ్నం 12 గంటలు దానికి 36526.5. యూటీసీ తేదీ టైములోంచి దాన్ని తీసేస్తే రోజుల సంఖ్య వస్తుంది, దాన్ని డి అనుకోండి. జీ = 357.529 + 0.98560028 × డి. క్యూ = 280.459 + 0.98564736 × డి. సూర్యుడి లాంగిట్యూడ్ ఎల్ = క్యూ + 1.915 × సైన్ జీ + 0.020 × సైన్ 2జీ. భూమి వంపు 23.439 నుంచి 0.00000036 × డి తీసేస్తే వచ్చేది. సైన్ డెక్లినేషన్ = సైన్ వంపు × సైన్ ఎల్. అంతే. 1950 నుంచి 2050 దాకా ఇది ఒక మినిట్ లోపు తప్పుతో పనిచేస్తుంది, సముద్రం మీద ఒక మైలు.

పిల్లలతో ఏం పరీక్ష చేయించాలి అంటే నేను అరసవల్లి అంటాను. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ అక్టోబర్ 1, 2, 3 తేదీల్లోనూ పొద్దున్నే సూర్యనారాయణ స్వామి మీద కిరణాలు పడతాయని మన జిల్లాలో తెలీని వాళ్ళు లేరు. 2025 మార్చి 10 ఉదయం ఆరు గంటలు, 2025 అక్టోబర్ 2 ఉదయం ఆరు గంటలు, రెండింటినీ యూటీసీలోకి మార్చి షీట్‌లో వెయ్యమనండి. మొదటిదానికి డెక్లినేషన్ 4 డిగ్రీల 5 మినిట్లు దక్షిణం, రెండోదానికి 3 డిగ్రీల 36 మినిట్లు దక్షిణం వస్తుంది. ఉదయించే దిక్కు కావాలంటే సైన్ డెక్లినేషన్‌ని కాస్ అక్షాంశంతో భాగించి ఆర్క్ కాస్ తీస్తే చాలు, శ్రీకాకుళం అక్షాంశం 18.3 పెట్టండి. మార్చిలో 94.3, అక్టోబర్‌లో 93.8. ఏడాదిలో దాదాపు ఏడు నెలల దూరంలో ఉన్న రెండు పొద్దుల దిక్కుల మధ్య తేడా అర డిగ్రీ, అంటే సూర్యబింబం వెడల్పంత! జూన్ ఆఖర్లోనో డిసెంబర్ ఆఖర్లోనో వేసి చూడమనండి, తూర్పు నుంచి పాతిక డిగ్రీల దాకా అటూ ఇటూ జరిగిపోతాడు. గుడి అక్కడ ఆ వాకిలితో కట్టినవాళ్ళు ఎంత కనిపెట్టి చూసి ఉండాలో పిల్లలకి వాళ్ళ చేతి లెక్కతోనే తెలుస్తుంది, బోర్డు మీద మనం ఎంత చెప్పినా ఆ సంతోషం రాదు.

చంద్రుడి జోలికి మాత్రం షీట్‌లో వెళ్ళొద్దు. చంద్రుడికి పదుల కొద్దీ పదాలు కలపాలి, అది పిల్లల పని కాదు.

ప్రశ్న: నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను. పైథాన్‌లో స్కైఫీల్డ్ లైబ్రరీతో చుక్కల జీహెచ్‌ఏ, డెక్లినేషన్ తీసి ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఆల్మనాక్ పేజీ ఒకటి దొరికితే పోల్చాను, కొన్ని చుక్కలకి పది మినిట్లు, కొన్నిటికి ఇరవై మినిట్లు తేడా వస్తుంది. లైబ్రరీ అంత పెద్దది, తప్పుండదు కదా?
(డిగ్రీ విద్యార్థిని, విజయనగరం)

జవాబు: అమ్మా, లైబ్రరీ తప్పు కాదు, నువ్వడిగిన ప్రశ్నకి అది సరిగ్గానే జవాబిచ్చింది. స్కైఫీల్డ్‌ని ఊరికే రైట్ అసెన్షన్ (ఆకాశంలో చుక్క రేఖాంశం లాంటిది), డెక్లినేషన్ ఇమ్మంటే 2000 సంవత్సరం నాటి అక్షాల మీద ఇస్తుంది, నీకు కావాల్సింది ఈ రోజు అక్షాల మీద. భూమి ఇరుసు మెల్లగా తిరుగుతోంది, ఏడాదికి సుమారు 50.3 సెకన్ల కోణం, పాతికేళ్ళు దాటేసరికి ఇరవై మినిట్ల పైన అవుతుంది, నీ తేడా అదే. రాడెక్ అని పిలిచేచోట ఎపాక్ అనేదానికి డేట్ అని ఇవ్వు, సరిపోతుంది. నెట్‌లో చుక్కల లిస్టు ఏది దించుకున్నా దాని మీద జే2000 అని ఉందేమో చూసుకోవడం అలవాటు చేసుకో, స్ప్రెడ్‌షీట్ కట్టేవాళ్ళు కూడా ఇక్కడే పడతారు, ఇరవై మైళ్ళ తప్పు వచ్చి సెక్స్టెంట్‌ని అనుమానిస్తారు.

స్టెల్లేరియం అనే ఆకాశం చూపించే ప్రోగ్రామ్‌తో పోల్చుకునేటప్పుడు వాతావరణం ఆన్‌లో ఉంటే అది రిఫ్రాక్షన్ కలిపిన ఎత్తు కూడా చూపిస్తుంది, హెచ్‌సీతో పోల్చాలంటే వాతావరణం ఆపేసి చూడు. నావిగేషన్‌కి వాడే 57 చుక్కల్లో మన రోహిణి, ఆర్ద్ర, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, అభిజిత్, శ్రవణం, అగస్త్యుడు అందరూ ఉన్నారు, నీ ప్రోగ్రామ్‌లో ఈ పేర్లు పెట్టు, ఇక్కడి పిల్లలకి ఎంత దగ్గరవుతుందో చూడు.

ప్రశ్న: మా నాన్నకి మరబోటు ఉందండి. బోటులో జీపీఎస్ ఉంది, ఫోన్లో ఉంది, మరి ఈ చుక్కల లెక్కలు నేర్సుకుని ఏటి సేత్తావురా అంటన్నారు మా వోళ్ళు. ఏటి సెప్పమంటారు?
(మత్స్యకార కుటుంబం, భావనపాడు)

జవాబు: తమ్ముడూ, రోజు చేపల వేటకి ఇది అక్కర్లేదు, మీ వాళ్ళు చెప్పింది నిజమే, జీపీఎస్ ఉంచుకో, ఫోన్ చార్జింగ్ చూసుకో, లైఫ్ జాకెట్ వేసుకో. కానీ నువ్వు రేపు మర్చంట్ నేవీకి వెళ్దామనుకుంటే ఇది సిలబస్‌లో ఉంటుంది. పైగా నల్ల సముద్రంలో, బాల్టిక్‌లో, తూర్పు మధ్యధరాలో ఓడల జీపీఎస్‌ని ఎవరో చెడగొట్టి తప్పు చోటు చూపించిన సంగతులు ఈ మధ్య ఎన్నో వచ్చాయి. అమెరికా నేవల్ అకాడమీ కూడా ఈ పాఠం ఒకసారి ఆపేసి 2015లో మళ్ళీ మొదలుపెట్టింది. షీట్ లేకుండానే ఒకటి నేర్చుకో, మృగశిర నడికట్టులో మూడు చుక్కలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి చూడు, అవి దాదాపు సరిగ్గా తూర్పున లేచి సరిగ్గా పడమర దిగుతాయి, ఏ ఊళ్ళో నుంచున్నా అంతే.

ప్రశ్న: రిటైరయ్యాను, ఒక పాత సెక్స్టెంట్ సంపాదించాను. శ్రీకాకుళం టౌన్‌లో మా మేడ మీద నుంచి సముద్రం కనపడదు. ఎలా?
(రిటైర్డ్ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం)

జవాబు: మేస్టారూ, సముద్రం దగ్గరికెళ్ళినా మన తీరంలో పొద్దున్న సూర్యుడే నీటి మీద ఉంటాడు, సాయంత్రం ఊరి వైపు దిగిపోతాడు, కాబట్టి మీ మేడే నయం. వెడల్పాటి పళ్ళెంలో పాత ఇంజిన్ ఆయిల్ పోసి గాలి తగలని చోట పెట్టండి, హొరైజన్ బదులు అదే పనికొస్తుంది. పళ్ళెంలో కనపడే సూర్యుడి మీదికి సెక్స్టెంట్‌లో సూర్యుణ్ణి దించి రెండు బింబాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా పట్టండి. రెండు వైపులా నల్ల అద్దాలు వేశాకే కన్ను పెట్టాలి, పళ్ళెంలో ఉన్న సూర్యుడైనా కంటికి సూర్యుడే. వచ్చిన కోణానికి ఇండెక్స్ ఎర్రర్ సరిచేసి రెండుతో భాగించండి, తర్వాత రిఫ్రాక్షన్ తియ్యండి. డిప్ లేదు, బింబాలు కలిపేశారు గనక సెమీ డయామీటర్ కూడా లేదు, మీ షీట్‌లో ఈ పద్ధతికి వేరే పేజీ పెట్టుకోండి, లేకపోతే డిప్ మర్చిపోకుండా తీసేస్తుంది అది.

కోణం రెట్టింపవుతుంది కాబట్టి 60 డిగ్రీలు దాటిన ఎత్తులకి సెక్స్టెంట్ అందకపోవచ్చు. మధ్యాహ్నం సైట్ తీయాలంటే అక్టోబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మీకు మంచి కాలం. మిగతా నెలల్లో పొద్దున్నో సాయంత్రమో తియ్యండి. మే రెండో వారంలో అయితే సూర్యుడు 11:51 ప్రాంతంలో మన నడినెత్తికే వచ్చేస్తాడు, అప్పుడు అజిమత్ నిమిషం నిమిషానికీ తిరిగిపోతుంది, షీట్ గీసే తిన్నటి పొజిషన్ లైన్ నిజానికి చిన్న వృత్తం, ఆ జవాబు నమ్మొద్దు. జూలై ఆఖర్లో మళ్ళీ ఇదే పరిస్థితి.

ప్రశ్న: నేను థర్డ్ ఆఫీసర్‌ని. మూడు చుక్కల ఫిక్స్‌ని ప్లాటింగ్ షీట్ మీద గీయకుండా ఎక్సెల్‌లోనే అక్షాంశం రేఖాంశం తీయొచ్చా?
(కవిటి)

జవాబు: తీయొచ్చు, నాటికల్ ఆల్మనాక్ వెనక పేజీల్లోనే ఆ పద్ధతి ఇచ్చారు, చాలా మంది అంతదాకా తిప్పరు. ప్రతి చుక్కకీ ఇంటర్సెప్ట్ (కొలిచిన ఎత్తుకీ లెక్కకట్టిన ఎత్తుకీ తేడా) పీ, అజిమత్ జెడ్ ఉంటాయి మీ దగ్గర. అయిదు మొత్తాలు కట్టండి: ఏ అంటే కాస్ జెడ్ వర్గాల మొత్తం, బీ అంటే కాస్ జెడ్ × సైన్ జెడ్, సీ అంటే సైన్ జెడ్ వర్గాలు, డీ అంటే పీ × కాస్ జెడ్, ఈ అంటే పీ × సైన్ జెడ్. జీ = ఏ × సీ నుంచి బీ వర్గం తీసేస్తే వచ్చేది. అక్షాంశానికి కలపాల్సింది సీ × డీ మైనస్ బీ × ఈ, దాన్ని జీతో భాగించాలి. రేఖాంశానికి ఏ × ఈ మైనస్ బీ × డీ, దాన్ని జీతోనూ కాస్ అక్షాంశంతోనూ భాగించాలి. కొత్త పొజిషన్ పాతదానికి 20 మైళ్ళ కన్నా దూరం పడితే దాన్నే మొదటి పొజిషన్‌గా పెట్టి మళ్ళీ తిప్పాలి. ఓడ నడుస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కో సైట్ టైముకి డీఆర్ (వేగం, దిశ బట్టి అంచనా వేసిన పొజిషన్) విడిగా జరిపి ఇంటర్సెప్ట్ తీయండి.

జీ విలువ చిన్నదైతే మీ చుక్కలన్నీ ఒకే గీత వెంట ఉన్నాయని, దాని పక్కన షరతు పెట్టి ఎర్ర రంగు వచ్చేలా చెయ్యండి. చుక్కలు ఎంచుకోవడం మాత్రం ఎక్సెల్ చెయ్యదు. మన అక్షాంశంలో ఏప్రిల్ మధ్యలో సాయంత్రం చీకటి పడేవేళ మఖ 100 డిగ్రీల వైపు, సిరియస్ 214 వైపు, కపెల్లా అంటే మన బ్రహ్మహృదయం 317 వైపు ఉంటాయి, మూడూ విడివిడిగా చుట్టూ పరుచుకుని. హొరైజన్ ఇంకా కనపడుతుండగానే తీసెయ్యాలి, ముందు తూర్పున మఖ, ఎందుకంటే అటు వైపే హొరైజన్ త్వరగా చీకటైపోతుంది.